మెట్ట తోటలో కార్క్ ఓక్: వింజమూరు వైపు ఎర్ర గరప నేలలో బతుకుతుందా?

వింజమూరు_మెట్ట:

అందరికీ నమస్కారం. వింజమూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా మాకు ఎనిమిది ఎకరాల మెట్ట ఉంది. నాన్న ఉన్నన్నాళ్లూ సజ్జ, కంది వేసేవారు. ఆయన తర్వాత కౌలుకిచ్చాం. ఇప్పుడు కౌలుకి అడిగేవాళ్లు కూడా లేక బీడు పడింది. ఎర్ర గరప నేల. పడమర ఎత్తు, తూర్పుకి వాలు. బోరు ఒకటుంది, మే నెలలో గంటసేపు పోసి ఆగిపోతుంది.

ఈ భూమి మీద సంపాదించాలన్న ఆశ లేదు. ఉద్యోగం అయ్యాక అక్కడే చిన్న ఇల్లు కట్టుకుని చెట్ల మధ్య ఉండాలని కోరిక. ఎండకి ఓర్చుకునే పెద్ద చెట్ల కోసం వెతుకుతుంటే పోర్చుగల్ కార్క్ ఓక్ తోటల వీడియోలు కనిపించాయి (సీసా మూతల కార్క్ ఈ చెట్టు బెరడే). ఎర్ర నేల, ఎండిన గడ్డి, దూరదూరంగా పెద్ద చెట్లు. మా చేనే అనిపించింది. వేసవిలో నీళ్లు అడగదట, మంటలకి తట్టుకుంటుందట, రెండొందల ఏళ్లు బతుకుతుందట. ఎకరంన్నరలో వేద్దామని ఉంది. మన జిల్లాల్లో ఎవరైనా పెంచారా? మొక్కలు ఎక్కడ దొరుకుతాయి? బెరడు ఎన్నేళ్లకి చేతికొస్తుంది?

కనిగిరి_బిడ్డ:

మా వైపు తుమ్మచెట్టే ఎండకి తల వేలాడేస్తుంది అన్నా, నువ్వేమో పోర్చుగల్ నుంచి చుట్టాన్ని పిలుస్తున్నావు. అయినా మన దగ్గర తాగే సరుకుకి మూతలన్నీ రేకువే కదా, ఈ కార్క్ ఎవరికి అమ్ముతావు?

ఆకుల_మాస్టారు:

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మన నర్సరీల్లో కార్క్ చెట్టు అని అడిగితే చేతిలో పెట్టేది ఆకాశమల్లె. కావుకి అని కూడా అంటారు. దాని బెరడూ మెత్తగా, పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది. ఒకప్పుడు నాసిరకం కార్క్‌గా వాడారు. మీరు చూసిన వీడియోల్లోది క్వెర్కస్ సూబర్. పోర్చుగల్, స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ, ఇవీ దాని పుట్టిళ్లు. ఈ రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు.

గుర్తుపట్టడం తేలిక. ఆకాశమల్లెకి మునగలా ఈనె మీద చిన్న చిన్న ఆకులు వరుసగా ఉంటాయి. కార్క్ ఓక్‌కి ఒంటి ఆకు, రెండు అంగుళాల దరిదాపుల్లో, దళసరిగా, అంచున చిన్న ముళ్లతో ఉంటుంది. తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు నూగు కనిపిస్తుంది.

1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, గదులు గదులుగా ఉందని చూసి, ఆ గదులకి సెల్ అని పేరు పెట్టింది ఈ కార్క్ ముక్కనే. ఆ పాఠం చెప్పిన ప్రతి ఏడూ పిల్లలు 'ఆ చెట్టు చూపించండి సార్' అనేవాళ్లు. ఓక్ జాతి చెట్లు మన దేశంలో హిమాలయాల్లో, ఈశాన్యంలో ఉన్నాయి గానీ దక్షిణాదిలో సహజంగా ఒక్కటీ లేదు. నేనేం చూపించను?

పెరటి_అక్క:

మాస్టారు గారు చెప్పింది మా తోడికోడలు వాళ్లింట్లో జరిగింది. ఒక నర్సరీవాళ్లు కార్క్ మొక్కలని చెప్పి పాతిక అంటగట్టారు. ఏళ్లు గడిచాక ఒక కార్తీకంలో తెల్లారేసరికి వాకిలంతా పొడుగు కాడల తెల్ల పూలు రాలి ఉన్నాయి. అప్పుడు తెలిసింది. పూల వాసన బాగుంటుంది, అది కాదనను. కానీ పెద్ద గాలి వస్తే కొమ్మలు ఫట్‌మని విరుగుతాయి, వేళ్ల నుంచి పిలకలు పుట్టుకొస్తూనే ఉంటాయి. ఇంటి పక్కన మాత్రం పెట్టుకోవద్దు తమ్ముడూ.

లిస్బన్_ఒంగోలు:

నాది ఒంగోలు. ఉద్యోగం మీద ఇక్కడ పోర్చుగల్‌లో ఉంటున్నా. శని, ఆదివారాలు ఇక్కడి దక్షిణ ప్రాంతం అలెంతేజూ వైపు తిరిగే అలవాటుంది కాబట్టి చూసింది చెబుతాను. ప్రపంచంలో వచ్చే కార్క్‌లో సగం దాకా ఈ ఒక్క దేశానిదే, అందులో ఎక్కువ భాగం అలెంతేజూ నుంచే.

ఎండ విషయంలో ఈ చెట్టుకి భయం లేదు. ఆ ప్రాంతంలోనే అమరలేజా అనే ఊళ్లో 2003 ఆగస్టులో 47 డిగ్రీలు దాటింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు చినుకు ఉండదు. వేరు లోతుకి పోతుంది కాబట్టి తట్టుకుంటుంది. కానీ ఇక్కడ పగలు 40 ఉన్న రోజు కూడా రాత్రికి దుప్పటి లాక్కోవాలి. మన ఒంగోలులో మే నెల రాత్రి మీకు తెలిసిందే, డాబా మీద పడుకున్నా చెమట ఆరదు. చెట్టుకీ ఆ తేడా తెలుస్తుంది. పగలంతా ఆకు మూసుకుని కూర్చున్న చెట్టు రాత్రి చల్లబడితేనే కోలుకుంటుంది.

బెరడు సంగతి. మొదటిసారి వలవడానికి పాతికేళ్లు పడుతుంది. ఇక్కడి చట్టం ప్రకారం మనిషి ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 70 సెంటీమీటర్లు రావాలి, అప్పుడే గొడ్డలి తాకించాలి. ఆ మొదటి బెరడు గరుకుగా, గట్టిగా ఉంటుంది, సీసా మూతకి పనికిరాదు. తొమ్మిదేళ్ల తర్వాత రెండోసారి వలిచినదీ అంతే. మళ్లీ తొమ్మిదేళ్లకి, అంటే మూడోసారి వచ్చే బెరడే మూతలకి పనికొచ్చేది. చెట్టుకి నలభై దాటుతాయి. వలిచిన ఏడాది చివరి అంకె మాను మీద తెల్ల రంగుతో రాస్తారు. 2024లో వలిస్తే 4. మళ్లీ ఎప్పుడు ముట్టుకోవాలో లెక్క అదే.

వలవడం నేను దగ్గరుండి చూశాను. వేసవిలోనే చేస్తారు. లోపలి పొరలో పాలు పారుతూ బెరడు ఊడే కాలం అది. గొడ్డలితో నిలువునా పగులు వెంబడి కోసి, పదును కొంచెం మెలితిప్పుతారు. బెరడు వదులుతోందా, పట్టుకుని ఉందా అన్నది ఆ శబ్దాన్ని బట్టే చెబుతారు. తర్వాత గొడ్డలి తిరగేస్తారు. పిడి చివర చీలలా చెక్కి ఉంటుంది, దాన్ని లోపలికి దూర్చి పలకని ఊడదీస్తారు. గొడ్డలి ఒక్క వేలెడు లోతు ఎక్కువ దిగితే లోపలి జీవపొర తెగుతుంది, అక్కడ ఇక కార్క్ పుట్టదు. వలిచిన మాను ఇటుక రంగులో ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. వ్యవసాయ కూలీల్లో ఎక్కువ కూలి దొరికే పనుల్లో ఇదొకటి. వింజమూరులో ఎవరు వలుస్తారు?

ఆగ్వాస్ ద మౌరా అనే ఊళ్లో 1783లో నాటిన చెట్టు ఒకటుంది. ఇరవైసార్లకి పైగా బెరడు ఇచ్చింది. 2018లో యూరప్ మేటి వృక్షంగా ఎన్నికైంది. అంత ఓపిక ఉంటే వేసుకోండి.

కనిగిరి_బిడ్డ:

అన్న ఇవాళ నాటితే మొదటి మూత మనవడి పెళ్లికి.

పొదలకూరు_నిమ్మ:

ఎండ గురించి ఇంత మాట్లాడారు, వాన గురించి ఒక్కరూ అడగలేదే. ఎండకి చెట్టు చావడం నేను తక్కువ చూశాను. నిమ్మతోటలు పోయేది నవంబరులో.

మా నాన్న కాలం నుంచీ మాది నిమ్మ, బత్తాయి. చిత్త, స్వాతి కార్తెల్లో ముసురు పట్టి పాదులో నాలుగు రోజులు నీళ్లు నిలబడితే, మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది. ఆకు పసుపుబారి, ఒక పక్క కొమ్మ ఎండి, వేసవికల్లా చెట్టు పోతుంది. జనం ఎండకి పోయిందనుకుంటారు. వేరు కుళ్లింది మాత్రం నవంబరులోనే. బోర్డో పేస్టు పూస్తాం, మట్టి ఎగదోస్తాం, కాలువలు తీస్తాం, అయినా కొన్ని పోతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, మళ్లీ 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో ఎన్ని తోటలు నీళ్లలో నిలబడ్డాయో చూశాం. ఈ ఓక్ ఏమంటుంది నీళ్లు నిలిస్తే?

ఆకుల_మాస్టారు:

నిమ్మ గారు సరైన చోట వేలు పెట్టారు. మీ బంక తెగులుకి కారణం ఫైటోఫ్తొరా. స్పెయిన్, పోర్చుగల్‌లో కార్క్ ఓక్‌లని ఎండబెట్టి చంపుతున్నదీ ఆ కుటుంబంలోదే, ఫైటోఫ్తొరా సిన్నమోమి. అది అసలైన బూజు కాదు, నీటి బూజు. దాని విత్తనాలకి చిన్న తోకలుంటాయి, మట్టిలో నీరు నిండితే ఆ నీళ్లలో ఈదుకుంటూ వేరు దగ్గరికి పోతాయి. నేల తడిగా, వెచ్చగా ఉంటే దానికి పండగే. అలెంతేజూలో వానలు పడేది చలికాలంలో, అప్పుడు సగటు వేడి పది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మనకి నవంబరులో కూడా పాతిక.

అందుకని ఈ చర్చని 'నీళ్లు లేకుండా బతుకుతుందా' అన్న ప్రశ్న దగ్గర ఆపకండి. వెచ్చటి నేలలో కుండపోత వాన పడితే ఏమవుతుందన్నదే అడగాల్సింది.

లిస్బన్_ఒంగోలు:

ఒప్పుకుంటాను మాస్టారు. కానీ ఒక్క మాట. మన దేశంలో మిగతా చాలా చోట్ల వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మన నెల్లూరు జిల్లాలో సగానికి పైగా వర్షం అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే. ఆ తర్వాత జనవరి నుంచి పొడి. ఈ చెట్టు క్యాలెండరుకి ఇంత దగ్గరగా వచ్చే చోట్లు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? తెలంగాణ కంటే, రాయలసీమ కంటే మనకే ఎక్కువ అవకాశం కదా.

ఆకుల_మాస్టారు:

క్యాలెండరు దగ్గరే, ఉష్ణోగ్రత దగ్గర కాదు. ప్రకాశం జిల్లాకి పోతే ఆ క్యాలెండరు కూడా మారుతుంది, అక్కడ నైరుతి, ఈశాన్యం రెండూ దాదాపు సగం సగం పంచుకుంటాయి. అయితే మీ మాటని పూర్తిగా కొట్టిపారేయను. పుట్టినింటికి దూరంగా పెంచిన ఉదాహరణలు ఉన్నాయి. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 1917 ప్రాంతంలో వేసిన కార్క్ ఓక్ తోట ఇవాళ్టికీ ఉంది, అక్కడి జాతీయ వృక్షవనంలో భాగమైంది. ఆ నగరానికి ప్రణాళిక గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ చలవ అది. (ఆయన చివరిరోజుల్లో మన లక్నోలో పనిచేస్తూ 1937లో అక్కడే పోయారు, సమాధీ అక్కడే.) కాలిఫోర్నియాలోనూ రెండో ప్రపంచ యుద్ధకాలంలో చాలా నాటారు, యూరప్ నుంచి కార్క్ రావడం కష్టమైపోయి. అయితే చూడండి, రెండు చోట్లా చలికాలం చలికాలమే. ఉదయగిరి కొండ పక్కన జనవరి రాత్రి చలి వేస్తుంది గానీ, దాన్ని ఆ లెక్కలో వేయలేం.

గెలాక్సీ_రాయి:

చర్చ అంతా చదివాక నా దగ్గరున్నది చెబుదామని లాగిన్ అయ్యా. నేనుండేది చీమకుర్తి. క్వారీ డ్రమ్ములు కోసి, బెంగళూరులో మొక్కలు సేకరించే ఒక పెద్దాయన ఇచ్చిన రెండు కార్క్ ఓక్ మొలకల్ని పెంచుతున్నా. నాలుగైదేళ్లవి. నా ఛాతీ దాకా ఉన్నాయి, అంతకంటే గొప్పగా లేవు. మే నెలలో ఆకు అంచులు మాడతాయి గానీ చావలేదు. పడమటి ఎండకి అడ్డంగా షేడ్ నెట్ కడతాను.

నన్ను ఏడిపించింది ఎండా కాదు, వానా కాదు, బోరు నీళ్లు. మా బోరు నీళ్లతో బిందె కడిగితే తెల్ల పొర కడుతుంది. అవి పోసినన్నాళ్లు కొత్త ఆకు పసుపుగా వచ్చేది, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టు ఉండేవి. ఇనుము అందకపోతే అలా వస్తుంది. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువైతే వేరు దాన్ని పీల్చుకోలేదు. ఈ చెట్టుకి సున్నపు నేల అస్సలు పడదు. డాబా మీద వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి అవే పోయడం మొదలెట్టాక తర్వాతి చిగురు పచ్చగా వచ్చింది. ముదిరిన పసుపు ఆకులు మాత్రం అలాగే ఉండి రాలిపోయాయి.

కాబట్టి మెట్ట అన్నా, ముందు మట్టి చూడు. జానెడు లోతున పిడికెడు తీసి, ఆరబెట్టి, పళ్లెంలో వేసి వెనిగర్ నాలుగు చుక్కలు పొయ్యి. బుస్సుమని నురగ వచ్చిందంటే సున్నం ఉంది, అక్కడ ఓక్ మాట మర్చిపో. ఏమీ కాకపోతే మట్టి పరీక్షకి పంపు, పిహెచ్ ఏడు లోపు వస్తే మంచిది. బోరు నీళ్లు కూడా పంపు.

వింజమూరు_మెట్ట:

మొన్న ఊరికి పోయినప్పుడు చేశాను. పడమర ఎత్తు మీద మట్టి కదల్లేదు, మెదల్లేదు. తూర్పు వాలు కింద, పాత బావి పక్కన మాత్రం వెనిగర్ పడగానే నురగ కట్టింది. తవ్వితే తెల్ల గడ్డలు కూడా ఉన్నాయి. ఒకే చేలో ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు.

ఇంకో ప్రశ్న. ఆన్‌లైన్‌లో పది గింజలు 249కి అమ్ముతున్నారు. తెప్పించి చూడనా?

పొదలకూరు_నిమ్మ:

వాలు కింద సుద్ద చేరడం మామూలే. వాన నీళ్లు పై నుంచి కరిగించుకొచ్చి కింద దింపుతాయి. ఎత్తు మీదే వెయ్యి, నీళ్లు కూడా అక్కడే నిలవవు. రెండు బాధలూ తీరతాయి.

గెలాక్సీ_రాయి:

249 పెట్టి బజ్జీలు తిను అన్నా.

ఓక్ గింజ మన కంది గింజలాంటిది కాదు, ఎండితే చస్తుంది. చెట్టు నుంచి రాలినప్పుడు దాంట్లో నీరు ఉంటుంది, ఆ నీరు పోతే లోపల పిండం పోయినట్టే. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటే పప్పు ఎండి పెంకుకి దూరమైందని. నీళ్లలో వేస్తే తేలుతుంది. మంచి గింజ బరువుగా ఉండి మునుగుతుంది. కవర్లో వేసి నెలల తరబడి గోడౌన్‌లో పెట్టి అమ్మేది మొలవదు. తాజాది తడి రంపపు పొట్టులో పెట్టి చల్లగా ఉంచితే కొన్నాళ్లు ఆగుతుంది, అంతే.

లిస్బన్_ఒంగోలు:

ఇక్కడ గింజలు అక్టోబరు నుంచి రాలతాయి, నల్ల పందులు వాటి మీదే కొవ్వెక్కుతాయి. సరిగ్గా మన వానలకి నాటుకునే టైమే. సంక్రాంతికి వచ్చేటప్పుడు జేబులో వేసుకొచ్చేదా అంటే ఉద్యోగం పోయే పని. మన దేశంలో 2003 నుంచి మొక్కల క్వారంటైన్ ఆర్డర్ ఉంది. దిగుమతి పర్మిట్, ఇక్కడి అధికారుల ఆరోగ్య ధ్రువపత్రం, రెండూ లేకుండా విత్తనం తేకూడదు. మట్టి అసలే తేకూడదు.

ఆకుల_మాస్టారు:

తేకపోవడమే మంచిది కూడా. ఇందాక చెప్పిన నీటి బూజు ప్రయాణం చేసేది అలాంటి మట్టిలోనే. పర్మిట్ కావాలంటే దారి ఉంది, చెన్నైలో క్వారంటైన్ కేంద్రం ఉంది. కానీ పది గింజల కోసం అంత తతంగం ఎవరూ పడరు. దేశంలో ఇప్పటికే పెంచుతున్నవాళ్ల దగ్గర మొలక తీసుకోవడమే తెలివి.

పచ్చబంగారం_ప్లాంటేషన్స్:

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు:

పైన ఉన్నది కార్క్ తోటలో 'యూనిట్లు' కొనమనే ప్రకటన. తీసేశాను. ఎకరాకి పాతికేళ్లకి ఇన్ని లక్షలు అని లెక్కలు వేసి పెట్టుబడి అడిగేవాళ్లకి ఇక్కడ చోటు లేదు.

పొదలకూరు_నిమ్మ:

మంచి పని చేశారు. 90ల్లో టేకు పేరు చెప్పి జనం దగ్గర ఎంత లాగారో చూసిన తరం మాది. టేకు అయినా నరికితే కలప. ఈ ఓక్‌కి ఇక్కడ కొనేవాడూ లేడు, వలిచేవాడూ లేడు, మూడో కోతకి నలభై మూడేళ్లు. జామాయిల్ వేసిన ప్రకాశం రైతు నాలుగేళ్లకి కొడితేనే వడ్డీలకి సరిపోవట్లేదని ఏడుస్తున్నాడు.

పెరటి_అక్క:

డబ్బు సంగతి వదిలేయండి, ఆయన ముందే చెప్పారు కదా సంపాదన కోసం కాదని. ఇష్టపడి నాలుగు చెట్లు పెంచుకుంటానంటే ఎలా పెంచాలో చెప్పండి.

గెలాక్సీ_రాయి:

సరే అక్కా, పెంచే పద్ధతి.

గింజ పగలగానే ముందు బయటికి వచ్చేది వేరు. పైన ఆకు కనపడే లోపే కింద జానెడు దిగిపోతుంది. మామూలు నర్సరీ కవరులో పెడితే ఆ వేరు అడుగున తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నాటితే రెండు మూడేళ్లు బాగానే ఉండి, ఎండ ముదిరిన ఏడు చస్తుంది, ఎందుకంటే వేరు లోతుకి పోలేదు. నేను పీవీసీ పైపు మూరెడు ముక్కలు కోసి, నిలువునా చీల్చి, తాడు కట్టి వాడాను. అడుగున జాలీ. వేరు కొస గాలి తగిలి ఆగిపోతుంది, చుట్టదు. నాటేటప్పుడు తాడు విప్పితే మట్టి చెదరకుండా వస్తుంది.

నాటేది జూన్‌లో కాదు. జూన్‌లో మనకి రెండు జల్లులు పడి మళ్లీ జూలై అంతా ఎండ. సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మధ్య లోపల నాటితే, తుపాన్లు వచ్చేసరికి వేరు పట్టుకుంటుంది, మే వచ్చేలోపు లోతుకి దిగడానికి ఆరేడు నెలల టైం దొరుకుతుంది. గుంటలో నాటి పాదు చేయకూడదు. దానికి బదులు అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. మొదలు చుట్టూ నీళ్లు నిలవకుండా ఉండాలి.

పొదలకూరు_నిమ్మ:

దిబ్బ మాట బాగుంది. నిమ్మకీ అదే చేస్తాం. ఒక్కటి చేర్చు, నీళ్లు పోసేది మొదట్లో కాదు, మూరెడు దూరంలో. మొదటి రెండు మూడు వేసవులు పది పదిహేను రోజులకోసారి లోతుగా తడిపితే చాలు. రోజూ చెంబెడు పోశావంటే వేరు పైపైనే తిరుగుతుంది. పశువుల ఎరువు పచ్చిది వెయ్యకు, చెదలు పడతాయి. మన మెట్టల్లో లేత మొక్కకి ఎండ కంటే చెద పెద్ద శత్రువు. వేపపిండి కలిపి, మొదలు చుట్టూ చెత్త కప్పేటప్పుడు మానుకి తగలకుండా బెత్తెడు వదిలెయ్యి.

మేకలు? కంచె లేకుండా మొదలెట్టకు. కొండ పక్కన అడవి పందులు కూడా ఉంటాయి.

వింజమూరు_మెట్ట:

మంటల మాటేంటి? మా పక్క బీడుల్లో ఏటా మార్చిలో ఎవడో ఒకడు గడ్డికి అగ్గిపెడతాడు.

లిస్బన్_ఒంగోలు:

పెద్ద చెట్టుకి భయం లేదు. కార్క్‌లో గాలి నిండిన చచ్చిన కణాలు, వాటి గోడల్లో నీళ్లు దూరని మైనం లాంటి పదార్థం. మంట దాటిపోయాక మాను నల్లగా కనపడుతుంది, తర్వాత పై కొమ్మల నుంచే మళ్లీ చిగురిస్తుంది. బెరడు వలిచిన కొత్తల్లో మంట తగిలితే మాత్రం కష్టం. నీ చేలో మొదటి పదేళ్లు బెరడు అంత మందం ఉండదు కాబట్టి చుట్టూ దున్ని గడ్డి లేకుండా ఉంచు.

కనిగిరి_బిడ్డ:

ఇందాకటి నుంచి జోకులేశాను గానీ ఒకటి సీరియస్‌గా అడుగుతా. రెండొందల ఏళ్లు బతికే, ఎండకి చావని, రాళ్లలో వేరు దింపే చెట్టు మన కొండల్లో లేదా? నారేపి చూడలేదా ఎవరూ? మా తాత పొలం గట్టున ఉంది, నేను పుట్టినప్పటి నుంచి దానికి ఎవరూ నీళ్లు పోయలేదు.

ఆకుల_మాస్టారు:

భలే గుర్తుచేశావు అబ్బాయ్. హార్డ్‌వికియా బైనేటా. రెండు ఆకులు జంటగా, ఎద్దు గిట్ట చీలినట్టు ఉంటాయి. మన తూర్పు కనుమల మెట్టల్లో సొంత చెట్టు. లేతప్పుడు నాలుగైదేళ్లు పైకి ఎదగనట్టే కనపడుతుంది, ఆ కాలమంతా వేరు రాళ్ల సందుల్లోంచి లోతుకి పోతుంటుంది. కలప మన దేశంలో అతి గట్టివాటిల్లో ఒకటి. వేసవిలో చిగురు ఎర్రగా వచ్చినప్పుడు చూడాలి.

ఎర్రచందనం కూడా మీ ప్రాంతపుదే. రాపూరు, ఉదయగిరి కొండలు దాని సొంత ఇల్లు, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు, శేషాచలం చుట్టుపక్కల ఈ కొద్ది జిల్లాల్లో తప్ప. అయితే నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతులు కావాలి. మాను లావైతే దొంగల టెన్షన్ వేరే. ఇల్లు కట్టుకుని ఉండేవాడికి అది తలనొప్పి.

పెరటి_అక్క:

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్లని అడగండి తమ్ముడూ, మీకు దగ్గరే కదా. నార్ది, దేవదారి, బిక్కి అని కొండ చెట్ల పేర్లు చెబుతారు. కొయ్య దొరకడం కష్టమైపోయిందని బాధపడుతుంటారు. ఆ చెట్లు ఒక వరస వేస్తే మీ తోటకీ అందం, వాళ్లకీ ఆసరా.

గెలాక్సీ_రాయి:

ఇది నాకు నచ్చింది. ఓక్‌లు నాలుగే ఉన్నా జనం వాటినే చూడడానికి వస్తారు, కానీ తోట నిలబడేది మాత్రం మిగతా చెట్ల మీద.

లిస్బన్_ఒంగోలు:

నేనింకా అంత నిరాశ పడను. సున్నం లేని ఎత్తు నేల, దిబ్బ మీద నాటడం, వాన నీళ్లు. ఈ మూడూ ఉన్నచోట పదిలో నాలుగు నిలబడినా మన దగ్గర ఇంతకుముందు లేని సమాచారం అది. మీరు మొదలెడితే చలికాలం, ఎండాకాలం ఫొటోలు పెట్టండి, ఇక్కడి ఫారెస్టు కాలేజీలో నాకు తెలిసినవాళ్లకి చూపిస్తాను.

ఆకుల_మాస్టారు:

నాలుగు నిలబడితే సంతోషమే. నా పందెం మాత్రం రెండు.

వింజమూరు_మెట్ట:

అందరికీ థ్యాంక్స్. ఎకరంన్నర ఆలోచన మానేశాను. పడమర ఎత్తు మీద ఓక్‌కి అర ఎకరం లోపే చోటు ఇస్తాను, చెట్టుకీ చెట్టుకీ ముప్పై అడుగులు వదిలి. గెలాక్సీ అన్నా, ఆ బెంగళూరు పెద్దాయన దగ్గర మొలకలు ఉంటే వచ్చే సెప్టెంబరుకి ఓ పది అడిగి పెట్టు, ఖర్చు నాది. ఈ లోపు ఇంటి కప్పు నీళ్లు పట్టే ట్యాంకు కట్టించేస్తాను, ఇల్లు తర్వాత కట్టినా ఫర్వాలేదు, ముందు రేకుల షెడ్డు మీది నీళ్లు పట్టుకుంటాను. సున్నం ఉన్న తూర్పు వాలులో చింత, వేప, వెలగ. మిగిలిన గరపంతా నారేపి. కనిగిరి తమ్ముడూ, మీ తాత గారి చెట్టు కాయలు ఎప్పుడు రాలతాయి?

కనిగిరి_బిడ్డ:

ఏప్రిల్ ఆఖరు, మే. కాయకి ఎండు రెక్క ఉంటుంది, గాలికి ఎగిరి పక్క చేలలో పడతాయి. పొద్దున్నే వస్తేనే దొరుకుతాయి. కిందపడి వారం దాటినవి పురుగు పడతాయి. ఫోన్ నంబరు మెసేజ్‌లో పెడతా, గోతం నువ్వే తెచ్చుకో.

గెలాక్సీ_రాయి:

పెద్దాయనకి ఫోన్ చేశా. ఆరు మొలకలు ఉన్నాయట, పది లేవు. పైపులు నా దగ్గర కోసినవి ఉన్నాయి, వచ్చి తీసుకుపో. కంచె వేశాక రా, ముందు కాదు.